పద్య నాటక పత్రికకు అట్ట తయారీ: రెండో సంచిక పని డైరీ

మొదటి సంచిక 300 కాపీలు వేశాం. 188 పోయాయి. అందులో 161 నాటక పరిషత్తు పోటీలు జరిగిన మూడు రాత్రుల్లో హాలు గుమ్మం దగ్గర, తెలిసిన ముఖాలు తెలిసిన ముఖాల దగ్గర కొన్నవి. 24 పోస్టులో పంపాం. బస్టాండు దగ్గర, స్టేషను రోడ్డులో రెండు కొట్లకు ఇరవై చొప్పున 40 ఇస్తే, అమ్ముడైనవి 3.

లోపలి వ్యాసాల మీద ఫిర్యాదు రాలేదు. చదివినవాళ్ళు ఉత్తరాలు కూడా రాశారు. మనల్ని ఎరగని మనిషి చేయి చాచి పత్రిక తీసుకోలేదు, అంతే. అందుకే రెండో సంచికకు అట్ట ఒక్కటే పనిగా పెట్టుకున్నాను. తెనాలిలో డీటీపీ (కంప్యూటర్ మీద పేజీలు కూర్చే పని) చేస్తాను. దూరవిద్యలో జర్నలిజం ఎం.ఎ. చదివినప్పుడు మీడియా సిద్ధాంతాలు పరీక్ష కోసం చదివాను. ఈసారి వాటిని పేపరు మీద పెట్టి కొలిచాను. చిన్న పత్రిక నడిపేవాళ్ళు ఎవరైనా ఇదే దారిలో చేయవచ్చు. నేను పోగొట్టుకున్న రోజులు వాళ్ళు పోగొట్టుకోకుండా ఉండాలని తప్పులు కూడా అన్నీ రాస్తున్నాను. పత్రిక పేరు ఇక్కడ రాయడం లేదు. టైటిల్ రిజిస్ట్రేషన్ ఇంకా చేతికి రాలేదు.

దశ 1: కొట్లో కొలత

మొదటి అట్ట మీద పరిషత్తులో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్న కళాకారుడి ఫోటో వేశాను. తెల్ల చొక్కా, నిండు ముఖం, నేరుగా మనల్నే చూసే కళ్ళు. దానికి ఆధారం క్రెస్, వాన్ లీవెన్ అనే ఇద్దరు పరిశోధకులు బొమ్మల భాష గురించి 1996లో రాసినది. బొమ్మలోని మనిషి నేరుగా చూస్తే ఆ చూపు మన నుంచి ఏదో అడుగుతుందని, పక్కకు చూస్తే తనను మన ముందు పెడుతుందని వాళ్ళ వివరణ. అడిగే చూపు అయితే మనిషి ఆగుతాడని అనుకున్నాను. కొట్లో కొలిచాకే అసలు సంగతి తెలిసింది.

చేసిన పని:

1. ఉదయం 11 దాటాక వెళ్ళాను. అంతకుముందు వెళ్తే దినపత్రికల హడావుడిలో కొట్టువాళ్ళకు మనతో మాట్లాడే తీరిక ఉండదు.
2. అడిగి, టేపు పెట్టి, ప్రతి పత్రిక ఎంత మేర కనిపిస్తోందో రాసుకున్నాను.
3. రెండు మీటర్ల దూరంలో, దారిన పోయే మనిషి నిలబడే చోట నిలబడి చూశాను.

మెట్ల స్టాండులో ఒకదాని మీద ఒకటి వాల్చిన పత్రికల్లో పైభాగం 8 నుంచి 9 సెంటీమీటర్లే కనిపిస్తుంది. తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీసినవి పక్కపక్కన ఒరుసుకుని ఉంటాయి కాబట్టి ఎడమ అంచు 6, 7 సెంటీమీటర్లు కనిపిస్తుంది. మొత్తం అట్ట కనిపించినవి 31 పత్రికల్లో 5.

మా అట్ట ఎ4 సైజు, అంటే ఎత్తు 29.7 సెం.మీ. నటుడి కళ్ళు పై అంచు నుంచి 14.2 సెం.మీ. కింద ఉన్నాయి. స్టాండులో కనిపించింది పత్రిక పేరు, దాని కింద నుదురు. ఆయన చూపు ఎవరినీ అడగలేదు, అసలు ఎవరికీ కనిపించలేదు.

కళ్ళను పైకి తేవాలంటే పేరు అడ్డం. పెద్ద పత్రికలు చేసినట్టు తలను పేరు మీదికి ఎక్కించి చూశాను. అక్కడొక చిక్కు వచ్చింది, ఇది తెలుగులో పనిచేసేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల అడుగుభాగం తల వెనక్కి పోయినా చదవడానికి పెద్ద ఇబ్బంది ఉండదు. మన వత్తులు ఉండేదే అడుగున. మా పేరులో 'పద్య' అనే మాట ఉంది. తల వచ్చి య వత్తు మీద కూర్చుంది. మిగిలింది 'పద'. వత్తు తోక పక్కన కొంచెం కనిపిస్తున్నా దాన్ని ఎవరూ చదవలేదు. ప్రింటు తీసి మా వీధి చివర సెలూన్లో చూపిస్తే పేరును ముగ్గురూ తప్పే చదివారు.

మార్చినది: పేరు ఎత్తు 5.5 నుంచి 3.4 సెం.మీ.కు తగ్గించాను. ఫాంటు రామభద్ర. లావుగా ఉంటుంది కాబట్టి చిన్నదైనా దూరానికి ఆనుతుంది. వత్తు ఉన్న అక్షరాలు ఎడమకు, తల కుడికి జరిపాను. కళ్ళు 7.1 సెం.మీ. దగ్గరికి వచ్చాయి.

ఇప్పటివరకు: కొలిచిన పత్రికలు 31. ఖర్చు 140 రూపాయలు (ఆటో, టేపు).

దశ 2: నాలుగు అట్టలు

ఫ్రెంచి రచయిత రోలా బార్త్ 1957లో వచ్చిన తన వ్యాసంలో ఒక పత్రిక ముఖచిత్రాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. సెలూన్లో ఉండగా చేతికి 'పారి మాచ్' సంచిక ఇచ్చారట. అట్ట మీద ఫ్రెంచి సైనిక దుస్తుల్లో ఒక నల్లజాతి కుర్రాడు సెల్యూట్ చేస్తున్నాడు. కంటికి కనిపించేది అంతే. దాని వెనక ఆ బొమ్మ చెప్పేది వేరు: ఫ్రాన్సు గొప్ప సామ్రాజ్యం, రంగు తేడా లేకుండా దాని బిడ్డలందరూ ఆ జెండాకు విశ్వాసంగా ఉన్నారు అని. మన అలంకారశాస్త్రం కాస్త తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. వాచ్యం వేరు, ధ్వని వేరు అని తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు చెప్పాడు. కాకపోతే ఆయన కావ్యం గురించి చెప్పాడు, బార్త్ బజారులో తిరిగే బొమ్మ వెనక ఎవరి రాజకీయం దాగి ఉందో వెతికాడు.

నేను కూడా సెలూన్‌నే పరీక్షకు ఎంచుకున్నాను. అక్కడ కూర్చున్న మనిషికి తీరిక ఉంటుంది, పత్రిక కొనాలన్న మొహమాటం ఉండదు.

నాలుగు అట్టలు:

- అ: మొదటి సంచిక నటుడే, తెల్ల చొక్కా, నేరు చూపు. కళ్ళు మాత్రం పైకి.
- ఆ: అదే నటుడు రాయబారం సీనులో కృష్ణుడి వేషంలో, కిరీటంతో.
- ఇ: అద్దం ముందు సగం మేకప్, ఒళ్ళో కిరీటం.
- ఈ: స్టేజి మీద ఇద్దరు, హరిశ్చంద్రుడు నిలబడి, చంద్రమతి కింద కూర్చుని.

మొదటి తప్పు: నాలుగూ ఒకేసారి ముందు పెట్టి "ఏది బాగుంది?" అని తొమ్మిది మందిని అడిగాను. రెండోది చూసేసరికి మొదటిదాని అర్థం కూడా వాళ్ళకు తెలిసిపోతోంది. పైగా "బాగుందా" అంటే మనవాళ్ళు "బాగుందండీ" అనే అంటారు, ఎదుటి మనిషిని నొప్పించరు. ఆ తొమ్మిదీ కొట్టేశాను.

మార్చిన పద్ధతి:

1. ఒక మనిషికి ఒకే అట్ట.
2. కింది భాగం అట్టముక్కతో మూసి, పైన 9 సెం.మీ. మాత్రమే కనిపించేలా.
3. రెండు మీటర్ల దూరం, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు.
4. ఒకే ప్రశ్న: "ఇది దేని గురించిన పత్రిక?"
5. జవాబును వాళ్ళ మాటల్లోనే రాసుకోవడం.

ఒక్కో అట్టకు ఆరుగురు, మొత్తం 24 మంది. ఆరుగురిని అడిగి శాతాలు వేయకూడదు. అందుకే మనుషుల లెక్కే ఇస్తున్నాను.

అ: ముగ్గురు "ఎవరో నాయకుడి పత్రిక" అన్నారు. ఒకరు "కుల సంఘం వాళ్ళదా?" అని అడిగారు. ఇద్దరికి తెలియలేదు. నాటకం అన్నవాళ్ళు సున్నా.

ఆ: ఐదుగురు భక్తి పత్రిక అన్నారు. ఒక పెద్దాయన "కార్తీక మాసం ప్రత్యేక సంచికా బాబూ?" అన్నాడు. నాటకం అన్నది ఒక్కరు.

ఇ: నాటకం 3, సినిమా 2, తెలియదు 1.

ఈ: నాటకం 4, తెలియదు 2. ముఖాలు చిన్నవి. నలుగురూ కళ్ళు చికిలించి ముందుకు వంగారు.

'అ' అట్ట ఫలితం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది. ఫోటో మంచిది, చూపు సూటిగా ఉంది. కానీ మన ఊళ్ళలో తెల్ల చొక్కా వేసుకుని సూటిగా చూసే ముఖాన్ని మనిషి రోజూ చూసేది కూడలిలో ఫ్లెక్సీ మీద. మీడియా సిద్ధాంతవేత్త స్టువర్ట్ హాల్ 1973లో టీవీ గురించి చెప్పింది ఇదే. సందేశం కూర్చేవాడు తన సంకేతాలతో కూరుస్తాడు, చూసేవాడు తన దగ్గరున్న సంకేతాలతో విప్పుకుంటాడు, రెండూ ఒకటే కానక్కరలేదు. నేను కళాకారుణ్ణి కూర్చాను, వాళ్ళు నాయకుణ్ణి విప్పుకున్నారు. తప్పు వాళ్ళది కాదు. తెలిసిన సినిమా హీరో అయితే ముఖమే చాలు, ఆయన చేసిన పాత్రలన్నీ ఆ ముఖం వెంట వస్తాయి. మా కళాకారుడికి పరిషత్తు హాలు దాటితే ఆ బలం లేదు. ఇరవై ఏడేళ్ళుగా పద్యం పాడుతున్న మనిషికి సొంత జిల్లాలో బస్టాండు దగ్గర గుర్తింపు లేకపోవడం నాకు బాధగానే ఉంది. ఈ పత్రిక పెట్టింది కూడా అందుకే.

ఇప్పటివరకు: అడిగినవాళ్ళు 33 (వృథా 9). ప్రింట్లు 8, ఒక్కోటి 20. ఖర్చు 140 + 160 = 300.

దశ 3: చెరిపేసిన మైకు

'ఈ' అట్టను (హరిశ్చంద్రుడు, చంద్రమతి ఉన్నది) నాటకం అన్న నలుగురినీ తర్వాత మళ్ళీ కలిశాను. ఎలా తెలిసిందని అడిగితే ముగ్గురు ఒకటే చెప్పారు: "పైన మైకు వేలాడుతోంది కదండీ."

ఇంటికొచ్చి 'ఆ' అట్ట (కృష్ణుడిది) అసలు ఫోటో తెరిచాను. అందులోనూ మైకు ఉంది. కిరీటం పక్కనే, నల్లగా, వైరుతో సహా పైనుంచి దిగి ఉంది. అట్ట శుభ్రంగా ఉండాలని ఫోటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో క్లోన్ టూల్‌తో నలభై నిమిషాలు కూర్చుని నేనే దాన్ని చెరిపేశాను. తెరకున్న ముడతలు కూడా సాఫు చేశాను. చివరికి మిగిలింది కిరీటం, నెమలి పింఛం, నామం, అంటే అచ్చం దేవుడి పటం. దేవుడి పటంలో మైకు ఉండదు. మైకు ఉంటేనే అది కృష్ణుడి వేషం కట్టిన మనిషి అని తెలుస్తుంది.

మైకును తిరిగి పెట్టాను. ఇంకేమీ మార్చలేదు. కొత్తగా 12 మందిని అడిగాను. నాటకం 9, భక్తి 2, తెలియదు 1.

నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. డీటీపీ చేసేవాళ్ళకు ఆలోచించకుండా చెరిపేసే అలవాటు ఉంటుంది. వైరు, స్టాండు, తెర అంచు, ఫుట్‌లైటు, హార్మోనియం మీద చెయ్యి, అన్నీ అడ్డుగా కనిపిస్తాయి. ప్రేక్షకుడు నాటకాన్ని గుర్తుపట్టేదే వాటితో. పైగా వేలాడే మైకు ఫోటోలో ఎప్పుడూ పైనే ఉంటుంది, అంటే స్టాండులో కనిపించే ఆ 8 సెంటీమీటర్లలోనే పడుతుంది.

ఒక్క చిక్కు. కిరీటం వల్ల కళ్ళు మళ్ళీ 9.6 సెం.మీ.కు దిగిపోయాయి. కిరీటం కొసను పేరు మీదికి ఎక్కించినా ఫలితం లేదు.

ఇప్పటివరకు: అడిగినవాళ్ళు 45. ప్రింట్లు 10. ఖర్చు 340.

దశ 4: తల వంపు

కృష్ణుడి అట్టే ఖాయం అనుకుంటూ ఉండగా చంద్రమతి వేసే కళాకారిణికి నాలుగూ చూపించాను. ఆమె తాను ఉన్న 'ఈ' అట్ట పట్టుకుని కాసేపు చూసి, "బాబూ, కాటి సీనులో జనం ఏడ్చేది ఎవరి పద్యానికి?" అని అడిగారు.

"మీ పద్యానికే అక్కయ్య గారూ."

"మరి నేను ఇంత ఉన్నానేం?" అని వేలి కొస చూపించారు.

స్కేలు పెట్టాను. గడ్డం నుంచి నుదుటి దాకా హరిశ్చంద్రుడి ముఖం ఆమెదానికి ఒకటిన్నర రెట్లు ఉంది. ఆయన పేరు కింద వేశాను, ఆమెది వేయలేదు. అట్ట చేస్తున్నప్పుడు ఇది నాకు తట్టనే లేదు. 1979లో సామాజిక శాస్త్రవేత్త గాఫ్‌మన్ ప్రకటనల ఫోటోలు వరసగా పేర్చి చూపించింది ఇదే: మగమనిషి ఎత్తులో, ఆడమనిషి కింద, ఆమె తల ఒక పక్కకు వాలి, వేళ్ళు చెంపనో వస్తువునో మెత్తగా తాకుతూ. పరీక్షలో ఈ ప్రశ్నకు బాగానే రాశాను. నా అట్టలో మాత్రం కనిపెట్టలేకపోయాను, ఆవిడ చెప్పాలి.

రెండో సంచిక అట్ట ఆమెదే అని నిర్ణయించాం. ఫోటోగ్రాఫర్‌ను అరపూటకు పిలిచాం. మొదటి విడత 46 ఫోటోలు. తర్వాత లెక్కపెడితే తల పక్కకు వంచినవి 31, చెయ్యి చెంప మీద ఉన్నవి 12. ఫోటోగ్రాఫర్ పని వచ్చినవాడే, పెళ్ళి ఫోటోలు ఎక్కువ తీస్తాడు. "కొంచెం తల వంచండి మేడమ్" అనేది అతని నోట అలవాటుగా వస్తుంది. గత ఏడాది ఇతనే తీసిన మగ కళాకారుల ఫోటోలు 40 వెతికాను. తల వంచినది ఒక్కటీ లేదు.

తెలుగు స్టేజి మీద ఈ వంపు పుట్టుకతో వచ్చేది కాదని మన ప్రేక్షకులకు ఎప్పటినుంచో తెలుసు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు ఆడవేషంలో సత్యభామగా కట్టిన ఆ వయ్యారం నేర్చుకుని అభినయించినదే. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. అభినయంగా వంచితే అది ఆ పాత్రది. అట్ట మీద కళాకారిణిని కళాకారిణిగా చూపించాలనుకున్నప్పుడు ఆ వంపు అక్కరలేదు.

రెండో విడత ఇలా:

1. "ఫోజు" అన్న మాట ఎవరూ అనకూడదు.
2. హార్మోనియం మాస్టారు శ్రుతి ఇస్తారు, ఆమె పద్యం పాడతారు, పాడుతుండగానే తీయాలి.
3. కెమెరా ఆమె కళ్ళ ఎత్తులో. పైనుంచి వద్దు.
4. మైకు ఫ్రేములో ఉండాలి.

రాగం అందుకున్న చోట, నాలుగో పాదం చివర, మెడ నిటారుగా, నోరు తెరుచుకుని, కుడి చెయ్యి ముందుకు చాచిన ఫోటో ఒకటి వచ్చింది. గొంతు దగ్గర నరం ఉబ్బి కనిపిస్తుంది. దాన్ని నేను సాఫు చేయలేదు. చూపు కెమెరా వైపు లేదు, హాలు చివరి వరస మీద ఉంది. అడిగే చూపు వదిలేశాను. మన దగ్గర ఆ చూపును ఫ్లెక్సీలు ఎత్తుకుపోయాయి. కిరీటం లేదు కాబట్టి కళ్ళు 6.8 సెం.మీ. దగ్గర నిలిచాయి.

ఇప్పటివరకు: ఫోటోగ్రాఫర్ 1500, మేకప్ 600, ప్రింట్లు 3కి 60. ఖర్చు 340 + 2160 = 2500.

దశ 5: అట్ట మీద మాట

బొమ్మకు అర్థాలు ఎన్నో ఉంటాయి, పక్కనున్న మాట వాటిలో ఒకదాన్ని లంగరు వేసి ఆపుతుందని 1964లో బార్త్ రాశాడు. మొదటి సంచికలో నేను వేసిన మాట "పరిషత్తు విజేతల ప్రత్యేకం". పరిషత్తు అంటే ఏమిటో తెలిసినవాడికి తప్ప ఆ లంగరు దేనికీ తగులుకోదు.

పద్య నాటకం చూసినవాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటుంది: వన్స్‌మోర్. పద్యం నచ్చితే హాలంతా అరిచే మాట అది. దాన్నే పెద్దగా వేశాను. పది మంది 45 దాటినవాళ్ళను, పది మంది 25 లోపువాళ్ళను అడిగాను.

పెద్దవాళ్ళు: నాటకం 9, తెలియదు 1. ఇద్దరు అక్కడే పద్యం ఎత్తుకున్నారు.

చిన్నవాళ్ళు: టీవీ పాటల పోటీ 5, నాటకం 3, తెలియదు 2.

బొమ్మ అదే, మాట అదే, విప్పుకున్న తీరు వేరు. కుర్రవాళ్ళకు మైకు, తెరిచిన నోరు, వన్స్‌మోర్ కలిపితే పాటల షో. నాకిది చెడ్డ ఫలితం అనిపించలేదు. "పాట" దగ్గరికి వచ్చారు, అక్కడి నుంచి "పద్యం" ఒక అడుగే. మాట తీసేయకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం చేర్చాను: "కాటి సీనులో ఆ పద్యం మళ్ళీ పాడమన్నారు". పాటల షో అన్న ఐదుగురిలో నలుగురు దొరికారు. వాళ్ళకే మళ్ళీ చూపిస్తే ముగ్గురు నాటకం అన్నారు. ఒకసారి చూసినవాళ్ళు కాబట్టి ఈ ముగ్గురినీ గట్టి ఫలితంగా లెక్కవేయడం లేదు.

అక్షరాల విషయంలో ఒక దెబ్బ. 'వన్స్‌మోర్'కూ కింది వాక్యానికీ లైన్ల మధ్య దూరం ఇంగ్లీషు లెక్కన 120 శాతం పెట్టాను. పై లైను వత్తు కింది లైను గుడి మీద పడింది. 150కి పెంచితే సరిపోయింది. అట్ట మీద రెండు లైన్లు వేసేటప్పుడు ముందే ఆ చోటు వదులుకోవాలి.

ఆమె పేరు మూడో లైనులో, వన్స్‌మోర్‌తో సమానమైన లావుతో వేశాను.

ఇప్పటివరకు: అడిగినవాళ్ళు 65 (రెండోసారి చూసిన నలుగురిని కలపలేదు). ఈ దశలో ప్రింట్లు 4. ఖర్చు 2580.

దశ 6: నీలం

కాటి సీనుకు వెనక తెర మీద నీలం లైటు వేస్తారు. స్క్రీను మీద ముచ్చటగా ఉన్న ఆ నీలం మొదటి ప్రూఫులో వంకాయ రంగుకు తిరిగింది. అచ్చులో నీలానికి సయాన్ (లేత నీలం సిరా)తో పాటు మెజెంటా (గులాబీ సిరా) కలుస్తుంది. మెజెంటా సయాన్‌కు దగ్గరగా వస్తే ఊదా అవుతుంది. తెర భాగంలో మెజెంటా 80 ఉంది. ప్రెస్సులో కూర్చుని 45కి దించాం. రెండో ప్రూఫులో నీలం కుదిరింది కానీ, ముఖం మీద కూడా మెజెంటా తగ్గి చర్మం పాలిపోయింది. ముఖాన్ని, చేతిని విడిగా సెలెక్షన్ చేసి వాటిని వదిలేసి తెర ఒక్కదానికే మార్చాం. మూడోది బాగుంది.

లామినేషన్ గ్లాసీ అనుకున్నది మ్యాట్‌కు మార్చాను. కొట్లో స్టాండు పైనే ట్యూబులైటు ఉంటుంది. గ్లాసీ అట్టకు సరిగ్గా పై 8 సెం.మీ. మీద తెల్ల చార పడి కళ్ళు కనిపించడం లేదు. ప్రూఫును అక్కడ పెట్టి చూశాకే ఇది తెలిసింది.

మొత్తం: ప్రూఫులు 3, ఒక్కోటి 150. ఖర్చు 2580 + 450 = 3030. అచ్చు ఖర్చు వేరు.

శుక్రవారం సాయంత్రం మూడో ప్రూఫును బస్టాండు కొట్లో స్టాండు మీద, ముందు ఇంకో పత్రిక పెట్టి చూశాను. కళ్ళు కనిపిస్తున్నాయి. మైకు కనిపిస్తోంది. పేరులో య వత్తు పూర్తిగా కనిపిస్తోంది. అక్కయ్య గారికి ఫోటో పంపితే ఫోన్ చేసి, గొంతు మీద నరం ఉంచినందుకు సంతోషించారు.

300 అట్టలకు ఆర్డరు ఇచ్చాను. మొదటి సంచికతో పోల్చడానికి వీలుగా రెండు కొట్లలో మళ్ళీ ఇరవై చొప్పునే పెడుతున్నాను, అదే స్టాండు, అదే మెట్టు. ప్రతి ఆదివారం మిగిలినవి లెక్కపెట్టి ఇక్కడ రాస్తాను.